గురువు మరిచిన పాట

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్ అనే ఊరుంది. చుట్టూ కనుచూపు మేర పత్తి చేలు. ఆ ఊరి పక్కన పుట్టినవాడు సన్ హౌస్. పదిహేనేళ్లకే చర్చిలో వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. గిటార్ ముట్టుకోవడమే పాపమని నమ్మినవాడు. అలాంటివాడు పాతికేళ్ల వయసులో ఒకరోజు, ఎవరో సీసా మెడను వేలికి తొడుక్కుని గిటార్ తీగల మీద జారుస్తూ వాయిస్తుంటే విన్నాడు. తీగ మనిషి గొంతుతో ఏడ్చినట్టనిపించింది. ఇక ఉండబట్టలేక డాలరున్నర పెట్టి ఓ పాత గిటార్ కొనేశాడు.

త్వరలోనే పేరొచ్చింది. ఒక విందులో జరిగిన కాల్పుల్లో మనిషిని చంపి పార్చ్‌మన్ జైలుకు వెళ్లొచ్చాడు. బయటికొచ్చాక చార్లీ పాటన్, విల్లీ బ్రౌన్ అనే పాటగాళ్లతో జతకట్టాడు. 1930లో విస్కాన్సిన్ దాకా వెళ్లి పారమౌంట్ కంపెనీకి పాటలు రికార్డు చేశాడు. అది ఆర్థిక మాంద్యం కాలం. జనానికి తిండికే కటకట, రికార్డులెవరు కొంటారు? అవి అమ్ముడుపోలేదు. శనివారం రాత్రుల విందుల్లో వాయించుకుంటూ ఊళ్లు తిరగడమే బతుకుతెరువైంది.

ఆ విందులకు రాబర్ట్ జాన్సన్ అనే కుర్రవాడు వచ్చేవాడు. పెద్దవాళ్లు కాస్త విశ్రాంతికని గిటార్ పక్కన పెడితే చాలు, గబుక్కున అందుకుని బరబరా గోకేవాడు. జనం చెవులు మూసుకునేవారు. సన్ హౌస్ కసిరేవాడు, నవ్వేవాడు. కుర్రవాడు కొంతకాలం కనిపించకుండా పోయాడు. తిరిగొచ్చి వాయిస్తే పెద్దలు నోళ్లు వెళ్లబెట్టారు. సైతానుకు ఆత్మను అమ్ముకుని ఆ విద్య తెచ్చుకున్నాడని లోకం కథలల్లింది. నిజానికి అతను హేజిల్‌హర్స్ట్ ప్రాంతంలో ఐక్ జిమర్మన్ అనే గిటారిస్టు పక్కన కూర్చుని సాధన చేశాడు. 1938లో, 27 ఏళ్లకే చనిపోయాడు.

సన్ హౌస్ 1943లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌కు వలసపోయి రైల్వేలో పనికి కుదిరాడు. 1952లో విల్లీ బ్రౌన్ పోయాడు. తోడు పోయాక పాటా పోయింది. గిటార్ ముట్టడం మానేశాడు. ఒకప్పుడు అతను పాటగాడని ఇరుగుపొరుగుకు కూడా తెలియదు.

1964లో ముగ్గురు యువకులు, పాత రికార్డులు విని పిచ్చెక్కినవాళ్లు, అతన్ని వెతుకుతూ మిసిసిపీ దాకా పోయి, చివరికి రాచెస్టర్‌లో పట్టుకున్నారు. తీరా చూస్తే ముసలాయన దగ్గర గిటారే లేదు. చేతులు వణుకుతున్నాయి. తను కట్టిన పాటలు తనకే గుర్తు లేవు.

అప్పుడొచ్చాడు అల్ విల్సన్. బోస్టన్ దగ్గర పెరిగిన తెల్లజాతి కుర్రవాడు, వయసు ఇరవై ఏళ్లకు అటూ ఇటూ. సన్ హౌస్ రికార్డుల్ని అరగదీసి, ప్రతి మెలికా వేళ్లకు ఎక్కించుకున్నవాడు. ముసలాయన ఎదుట గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. 1930లో మీరిది ఇలా వాయించారు, 1942లో ఇలా మార్చారు అని వాయించి చూపించాడు. ముసలాయన బింకానికి పోలేదు, బుద్ధిగా విన్నాడు. మెల్లగా వేళ్లు దారి పట్టాయి. 1965లో కొలంబియా కంపెనీ అతని పాటల్ని మళ్లీ రికార్డు చేసింది. న్యూపోర్ట్ సంగీత ఉత్సవంలో వేలమంది విన్నారు. తర్వాత యూరప్ కూడా తిరిగొచ్చాడు.

ఆ అల్ విల్సన్ కూడా 1970లో 27 ఏళ్లకే పోయాడు. తను కసిరిన కుర్రవాడికన్నా, తనకు పాఠం చెప్పిన కుర్రవాడికన్నా సన్ హౌసే ఎక్కువకాలం బతికాడు. 1988లో డెట్రాయిట్‌లో కన్నుమూశాడు.

నీతి: విద్యను దాచేది గురువు జ్ఞాపకం కాదు, శిష్యుడి సాధన.

గురువుకు ముసలితనం వస్తుంది, చేతులు వణుకుతాయి, మరుపు కమ్ముతుంది. ఆనాడు ఆ విద్య ఎవరి వేళ్లలో మిగులుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఇంటి బిడ్డే కావచ్చు, వేరే జాతివాడు, వేరే ఊరివాడు కావచ్చు. అందుకే అపస్వరాలు పలికించే కుర్రవాణ్ని చూసి నవ్వకండి. అడిగినవాడికి కాదనకుండా నేర్పండి. మీరు మరిచిన రోజున అదే పాట మీకు నేర్పడానికి ఎవరో ఒకరు వస్తే, వయసు చూడకుండా ఎదుట కూర్చుని నేర్చుకోండి.