తెరయు తీగయు

ఆదికాండము మూడవ అధ్యాయపు కడపటి వచనమును క్రిస్మసు నాటకములో చూపదలచిన యౌవనస్థులకు ఒక చిక్కు వచ్చును. ఆదామునకును హవ్వకును వేషము కట్టవచ్చును. కెరూబులకు తెల్లని బట్టతో రెక్కలు కుట్టవచ్చును. అయితే జీవవృక్షపు త్రోవను కాయుచు నలుదిక్కుల మంటవలె మెరసిన ఆ ఖడ్గమును దేనితో చేయుదురు? వెనుకటి దినములలో వెదురుబద్దకు వెండి కాగితము అంటించి, పెట్రోమాక్సు వెలుగు దానిమీద పడునట్లు ఆడించెడివారు. మన తాతలు అంతటితో తృప్తినొందిరి. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపముల పట్టీలు చిన్న పట్టణములలోను మీటరు లెక్కన దొరకుచున్నవి. కావున పిల్లలు అద్దమువలెనున్న ప్లాస్టిక్ గొట్టమొకటి తెచ్చి, రెండు పట్టీలను వీపులు కలిపి దానిలో దూర్చి, క్రింద పిడి అమర్చి, ఫోనుకు పెట్టు పవర్ బ్యాంకును నడుమునకు కట్టుకొని, వెలుగు ఖడ్గమును తామే చేసికొనుచున్నారు.

ఈ తలంపు వారికి 1977లో అమెరికాలో వెలువడిన స్టార్ వార్స్ అను చలనచిత్రమునుండి వచ్చినదే గాని ఆదికాండమునుండి కాదని కొందరు పెద్దలు విసుగుకొందురు. అట్లే ఉండవచ్చును. అయినను ఆ చిత్రములోని ఖడ్గములు తమంతట తాము వెలిగినవి కావు. గిరగిర తిరుగు కఱ్ఱకు, తనమీద పడిన వెలుగును వచ్చిన దారినే తిరిగి పంపు పూత పూసి, తరువాత ఫిలిముమీద కాంతిని చిత్రించిరి. మన పిల్లలు చేయునది నిజముగా వెలుగునది. కాబట్టి నిజముగా వెలుగుదానికి మాత్రమే వచ్చు కష్టములు వారికి వచ్చుచున్నవి. ఆ కష్టములలో సంఘమును గూర్చిన ఒక ప్రశ్న దాగియున్నదని నాకు తోచుచున్నది: కప్పుట ఎప్పుడు ప్రేమ యగును, ఎప్పుడు మోసమగును?

మొదటి కష్టము మీట నొక్కగానే తెలియును. కనబడునది ఖడ్గము కాదు, చుక్కల వరుస. పెండ్లిపందిటికి కట్టు సీరియల్ సెట్టును గొట్టములో దూర్చినట్లుండును. ఒక్కొక్క దీపము కంటిని పొడుచును. దీపమునకు దీపమునకు నడుమ చీకటి. దీనికి ఉపాయము చాల చౌకయైనది. కొత్త సామానుల చుట్టు చుట్టి పంపు పలుచని తెల్లని ఫోమును గొట్టపు లోపలి గోడకు ఆనునట్లు చుట్టవలెను. అది దొరకనిచో బటరు పేపరైనను కొంతవరకు పనిచేయును. ఆ ఫోములో లెక్కకు రాని గాలిబుడగలు గలవు. వెలుగు ఒక్కొక్క బుడగ అంచును తాకినప్పుడెల్ల కొంత వంగి, కొంత వెనుకకు మరలి, దారి తప్పి, ఏ దీపమునుండి బయలుదేరినదో తెలియని స్థితిలో వెలుపలికి వచ్చును. పాలు తెల్లగా నుండుటకును మేఘము తెల్లగా నుండుటకును కారణమిట్టిదే. మన ఇండ్ల ముంగిట వ్రేలాడదీయు క్రిస్మసు నక్షత్రపు కాగితమును ఈ పనినే చేయును. లోపలి బల్బును మరుగుచేసి నక్షత్రమంతటిని వెలిగించును. (అట్టి కాగితపు నక్షత్రములు 1830వ దశాబ్దములో జర్మనీ దేశమందలి నీస్కీ అను ఊర, మొరేవియను సహోదరుల పాఠశాలలో పుట్టినవి. అవి లెక్కల పాఠముకొరకు చేసినవట. లెక్కలంటే భయపడు పిల్లలకు ఈ సంగతి చెప్పుట మంచిది.)

అయితే తెర ఒక్కటే చాలదు. తెరను దీపమునకు ఆనించి పెట్టినయెడల చుక్క చుక్కగానే యుండి కొంచెము మసకబారును, అంతే. తెర దూరముగా జరిగినకొలది చుక్క వెడల్పై ప్రక్క చుక్కతో కలియును. దీపమునకు దీపమునకు ఎంత ఎడము గలదో, దీపమునకు తెరకు సుమారు అంత ఎడమైనను ఉండవలెనని పనివారి లెక్క. మీటరుకు 60 దీపములుగల పట్టీలో ఆ ఎడము 17 మిల్లీమీటర్లు. 144 గల పట్టీలో 7 మిల్లీమీటర్లు. ఖడ్గపు గొట్టము వెడల్పు సాధారణముగా అంగుళము, అనగా 25 మిల్లీమీటర్లు. నడుమనున్న పట్టీకి గోడ 10 లేక 11 మిల్లీమీటర్లకు మించి దూరముండదు. కావున 144 దీపముల పట్టీ ఒకే వెలుగుగా కలియును. 60 దీపములది ఎంత ఫోము చుట్టినను చుక్కలను చూపుచునే యుండును. ఇంకొకటి: తెర కూలి లేకుండ పనిచేయదు. వెలుగులో కొంత తానే మింగును. ఆ నష్టమునకు ఒప్పుకొననివాడు చుక్కలతోనే తృప్తిపడవలెను.

ఈ నష్టము మన సంఘములకు కష్టమైనది. మందిరములో పైకి చూచినయెడల ఫ్యాను రెక్కలమీద దాతల పేర్లు. క్రిందికి చూచినయెడల బల్లలమీద. ప్రక్కకు చూచినయెడల గోడకు పాలరాతి పలక. గోడ గడియారము గంట యెంతయో చెప్పకమునుపే దానిని ఇచ్చినదెవరో చెప్పును. ఇచ్చినవారిని నిందించుట నా ఉద్దేశము కాదు. కూలి డబ్బులో మిగిల్చి ఇచ్చినవారును వారిలో గలరు. బల్లమీద తన తల్లి పేరు చదువుకొని కన్నీరు తుడుచుకొను కుమారుడును గలడు. అయినను కుడిచేతి దానము ఎడమచేతికి తెలియనక్కరలేదని ప్రభువు కొండమీద బోధించెను. మన వెలుగు మనుష్యులకు కనబడవలెననియు అదే కొండమీద ఆయనయే బోధించెను. ఈ రెండు బోధలు ఒకదానికొకటి అడ్డమని కొందరు తికమకపడుదురు. ఫోము చుట్టిన ఖడ్గమును చూచినవానికి ఆ తికమక యుండదు. వెలుగు కనబడుచున్నది, చుక్క కనబడుట లేదు. ఇట్లు కప్పుట ప్రేమయే.

రెండవ కష్టము ఇంత త్వరగా కంటబడదు. చుక్కలు పోయిన తరువాత, తెల్లని వెలుగును పూర్తిగా పెంచి చూచినప్పుడు, పిడియొద్ద పాలవలెనున్న ఖడ్గము కొనకు పోయినకొలది పసుపుబారి చివర ఎఱ్ఱబారును. మంటవలెనున్నదని పిల్లలు సంతోషింతురు. అది మంట కాదు, ఆకలి. విద్యుత్తు పిడియొద్దనే లోపలికి వచ్చుచున్నది. పట్టీలోని రాగిరేకు మిక్కిలి పలుచన; దాని గుండ పోవుటలోనే బలము తరుగును, దారిలోని ప్రతి దీపమును తన పాలు త్రాగును. 144 దీపముల పట్టీ ఒక్కటి మీటరు పొడవున నిండు తెలుపుతో వెలుగుటకు 8 ఆంపియర్లకు పైగా కోరగలదు. సామాన్యమైన పవర్ బ్యాంకు అంత ఇయ్యనే ఇయ్యదు. ఎంత ఇచ్చినను, పిడియొద్ద నున్న 5 వోల్టులు కొనకు చేరవు. ఒక్కొక్క దీపములో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న దీపములు గలవు. ఎఱ్ఱదానికి సుమారు 2 వోల్టులు చాలును. తక్కిన రెంటికి సుమారు 3 కావలెను. బలము తరిగినప్పుడు నీలమును దాని వెంట ఆకుపచ్చయు నీరసించును, ఎఱుపు నిలిచియుండును. కంటికి కనబడు ఎఱ్ఱ ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1962లోనే చేసెను. తగినంత వెలుగునిచ్చు నీలికొరకు లోకము 1990వ దశాబ్దము వరకు కనిపెట్టుకొనియుండెను; దానిని సాధించిన అకాసాకి, అమానో, నాకామురా అను ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానమిచ్చిరి. అంత ప్రయాసతో దొరికిన నీలమే కొనయొద్ద ముందుగా సొమ్మసిల్లుట చూచినప్పుడు నాకు జాలి కలుగును.

ఇక్కడ తెర ఏమి చేయగలదు? తెర వేలెడు ఎడమును కప్పును; మూరెడు లేమిని కప్పలేదు. ఒక దీపపు వెలుగు ప్రక్క దీపమువరకు పోవును గాని, పిడియొద్ద వెలుగు ఫోము గుండ కొనవరకు నడచి రాదు. మరి రెండు చుట్లు చుట్టినయెడల ఖడ్గమంతయు మసకబారి, కొన లేమి అంతగా కంటబడకపోవచ్చును. కొన మాత్రము పస్తే యుండును.

ప్రియ చదువరీ, మన పల్లె సంఘములలో కొన ఎక్కడనున్నదో ప్రతివానికి తెలియును. మందిరమును పాస్టరు గారి ఇల్లును పెద్దల ఇండ్లును ఒకచోట నుండును. పాస్టరేటులోని కడపటి పల్లె వాగు అవతల నుండును. అచ్చట ప్రభువు బల్ల ఎన్ని నెలలకొకసారి? వాగు పొంగిన వారములో మంచముపట్టిన ముసలమ్మయొద్దకు ప్రార్థనకు ఎవరు వెళ్లిరి? ఆ పల్లె స్త్రీలు మోసికొని వచ్చిన పిడికెడు బియ్యపు కానుక మందిరపు లెక్కలో చేరును. ఆ లెక్కనుండి ఆ పల్లెకు తిరిగి పోయినదేమి? ఇట్టి ప్రశ్న కూటములో లేచినప్పుడు, మనలో మనకు ఇవన్నియు ఎందుకు బాబూ, ప్రేమ గలచోట అన్నియు కప్పుకొని పోవలెను గదా యని ఎవరో ఒక పెద్ద మెల్లగా అనును. ఆ మాటకు లేఖనములో ఆధారము లేకపోలేదు. అయితే పేతురు తన మొదటి పత్రికలో చెప్పినది సహోదరుని పాపములను కప్పు ప్రేమను గూర్చి. సహోదరుని ఆకలిని కప్పు ప్రేమ నాకు లేఖనములలో ఎక్కడను కనబడలేదు. బలములేని గోడకు పైపూత పూయువారిని గూర్చి యెహెజ్కేలు 13వ అధ్యాయములో ఏమున్నదో చదువరి తానే చూచుకొనవచ్చును.

మోషే ముసుకును గూర్చి కూడ తలంచుడి. నిర్గమకాండము 34వ అధ్యాయములో, కొండ దిగివచ్చిన మోషే ముఖకాంతిని చూచి జనులు అతని చేరుటకు భయపడిరి. అతడు వారితో మాటలాడి ముగించి ముసుకు వేసికొనెను. దానిని జాలిగల ముసుకని మనము ఎంచుదుము. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయములో దానికి వేరొక కారణము చెప్పుచున్నాడు: ఆ కాంతి వాడిపోవుట జనుల కంటబడకుండుటకై వేసినదనియు, తామట్లు చేయువారము కామనియు. ముసుకు ఒక్కటే. చూడలేనివారి నిమిత్తము వేసినది ఒకటి, వాడిపోవుటను దాచుటకు వేసినది మరియొకటి. కాబట్టి సంఘములో ఏదైనను కప్పబడినప్పుడు, కప్పవచ్చునా కప్పరాదా యని వాదించుకొనుటకంటె, దానిని ఎత్తి లోపల ఏమున్నదో చూచుట మేలు.

ఖడ్గము చేయువారు కొన లేమికి రెండు మందులు ఎరుగుదురు. మొదటిది మొత్తము వెలుగును తగ్గించుట. ఇది పిసినారితనమువలె కనబడును గాని, దీనిలో ఒక న్యాయము గలదు. దగ్గరి దీపములు తక్కువ త్రాగినప్పుడు దారిలో తరుగుటయు తగ్గి, కొనకు నిజముగానే ఎక్కువ బలము చేరును. కొరింథు సంఘములో ప్రభువు భోజనమునకు ముందు కూర్చున్నవారు తిని త్రాగి మత్తులగుచుండగా బీదలు ఆకలితో మిగిలిరి; ఒకరికొరకు ఒకరు ఆగవలెనని పౌలు వారికి వ్రాసెను. ఆగుట చిన్న పని వలె కనబడును. ఆకలిగొన్నవానికి అది చిన్నది కాదు.

రెండవ మందు, మరియొక జత తీగలను పిడినుండి కొనవరకు వేరుగా తీసికొనిపోయి, పట్టీ చివరను కూడ టంకము వేసి కలుపుట. అప్పుడు విద్యుత్తు ఇరుప్రక్కలనుండి లోపలికి వచ్చును. లేమి నడుమకు జరిగి, మునుపటిలో సుమారు నాలుగవ వంతుకు దిగును. అయితే తీగ తగినంత లావుగా నుండవలెను. ఇక్కడనే చాలమందికి చేయి రాదు. ఆ తీగ రెండు పట్టీల నడుమ పండుకొనియుండును. నాటకము చూడవచ్చినవారిలో ఒక్కడును దానిని చూడడు. కనబడనిదానికి లావు తీగ ఎందుకని సన్ననిది వేసి, రెండు వైపుల కలిపితిమి గదా యని చెప్పుకొందురు. ఏటికొకసారి జీపులో కడపటి పల్లెకు పోయి, ఫోటో తీసికొని, చీకటిపడకమునుపే తిరిగివచ్చు పరిచర్య అట్టి సన్నని తీగయే. ఇంకొక సంగతి పిల్లలకు చెప్పవలెను. తీగను ఫోము చుట్టకమునుపే కలుపవలెను. చుట్టి, గొట్టములో దూర్చి, కొనకు మూత అతికించిన తరువాత కొన లేమి తెలిసినయెడల, అంతయు ఊడదీయక తప్పదు. అప్పుడు నాటకము రేపనగా ఎవడు ఊడదీయును? ఉండనిమ్మందురు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో యెరూషలేము సంఘమునకు ఇట్టి దినమే వచ్చెను. వెనుకటి అధ్యాయములలో ఆ సంఘపు రూపము ఎంత చక్కనిదో మనమెరుగుదుము: ఒక్క మనస్సు, ఉమ్మడి ఆస్తి, ఇంటింట రొట్టె విరుచుట. అంతలో గ్రీకు భాష మాటలాడు యూదుల విధవరాండ్రకు అనుదిన భోజనము సరిగా అందుట లేదని సణుగు పుట్టెను. అపొస్తలులు ఆ చక్కని రూపముమీద మరియొక తెర వేసియుండవచ్చును. సణుగువారిని గద్దించియుండవచ్చును. అట్లు చేయక, శిష్యులనందరిని పిలిచి ఆ సంగతిని బయట పెట్టి, ఏడుగురిని ఏర్పరచుకొనవలెనని చెప్పిరి. ఆ ఏడుగురి పేర్లు చదివి చూడుడు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. కడపటివాడు అంతియొకయవాడు, అన్యుడుగా పుట్టి యూదుల మతములో చేరినవాడు. ఏ ప్రక్కనుండి సణుగు వచ్చెనో ఆ ప్రక్కవారి భాష మాటలాడువారి చేతికే వడ్డించు గరిటె ఇచ్చినట్లు కనబడుచున్నది. వారిలో ఫిలిప్పు, 8వ అధ్యాయమునకు వచ్చునప్పటికి, సమరయలో నున్నాడు. అటుపిమ్మట గాజాకు దిగు అరణ్యమార్గమున, ఐతియొపీయుల రాణి కొలువులోని యొక అధికారి రథము ప్రక్కగా పరుగెత్తుచున్నాడు.