ఎన్నేళ్లుంటే పొరుగువాడు?

థాయిలాండ్‌లో స్థిరపడిన విదేశీ విశ్రాంత ఉద్యోగి తొంభై రోజులకోసారి ప్రభుత్వానికి ఒకే సంగతి చెప్పుకోవాలి: తాను ఇంకా ఇక్కడే, ఈ చిరునామాలోనే ఉన్నానని. టీఎం 47 అనే ఒక పేజీ కాగితం. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటి చిరునామా, సంతకం. ఇమిగ్రేషన్ ఆఫీసులో అది తీసుకుని, మళ్లీ ఎప్పుడు చెప్పాలో తేదీ వేసిన చిన్న చీటీ పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇస్తారు. పట్టాయాలో పాతికేళ్లుగా ఉంటున్నవాడికీ, కిందటేడు దిగినవాడికీ అదే చీటీ. యాభై దాటినవాడు థాయి బ్యాంకులో 8 లక్షల బాట్ నిల్వ గానీ, నెలకు 65 వేల బాట్ ఆదాయం గానీ చూపితే ఒక ఏడాది ఉండనిస్తారు. వచ్చే ఏడు మళ్లీ చూపాలి. భూమి అతని పేరున ఉండదు. అపార్ట్‌మెంటు కొనుక్కోవచ్చు గానీ ఆ భవనం మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు. శాశ్వత నివాసానికి ఒక్కో దేశం వాళ్లకు ఏడాదికి వంద మందే కోటా, అందులోనూ విశ్రాంత వీసా మీద ఉన్నవాళ్లకు దాదాపు దారి లేదు. ఇవన్నీ వీసా ఏజెంట్లు తేల్చే చిక్కుల్లా కనిపిస్తాయి. కానీ వీటి అడుగున ఏ ఏజెంటూ తేల్చలేని ధర్మసందేహం ఒకటుంది. వచ్చినవాడు ఎంతకాలం అతిథి? అతిథిగా ఉండటం మానేశాక అతను ఏమవుతాడు?

మన శాస్త్రాలు మొదటి ప్రశ్నకు ఉదారంగా జవాబిచ్చాయి, రెండోదాని జోలికి పెద్దగా పోలేదు. అతిథిని దేవుడిలా చూడమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన మాట పర్యాటక శాఖ ప్రకటనల దాకా వచ్చేసింది. ఆ దేవుడికి గడువెంతో మాత్రం ఆ ప్రకటనల్లో ఉండదు. మనుస్మృతి లెక్కలో అతిథి అంటే ఒక్క రాత్రి ఉండేవాడు. పడమటి వైపు చూసినా ఇదే తీరు. 1795లో శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో జర్మన్ తాత్వికుడు కాంట్, పరాయి నేలమీద అడుగుపెట్టిన మనిషిని శత్రువుగా చూడకూడదన్నాడు. కానీ ఆ హక్కు వచ్చి చూసి పోవడానికే, ఉండిపోవడానికి వేరే ఒప్పందం కావాలని గీత గీశాడు. అటు గడప దగ్గర నిలబడ్డవాడి గురించీ, ఇటు ఇంట్లో పుట్టినవాడి గురించీ కావలసినంత ఆలోచన జరిగింది. గడప దాటి లోపలికొచ్చి ఇరవై ఏళ్లుగా వసారాలోనే కూర్చున్నవాడి గురించి జరగలేదు.

జరిగిన ఒక చోటు ఉంది. విచిత్రమేమిటంటే అది థాయిలాండ్‌లో ఊరూరా ఉన్న బౌద్ధ విహారమే. భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలోని చుల్లవగ్గ భాగంలో కొత్తగా వచ్చిన భిక్షువు ఏం చేయాలో, అప్పటికే ఉంటున్న భిక్షువు ఏం చేయాలో, వెళ్లిపోయే భిక్షువు ఏం చేయాలో వేరువేరుగా చెప్పారు. వచ్చినవాడు గేటు దగ్గరే చెప్పులు విప్పి, దులిపి చేతబట్టుకోవాలి. గొడుగు దించాలి. తొందర పడకుండా నడవాలి. తాగే నీళ్లేవి, కాళ్లు కడిగే నీళ్లేవి అని అడగాలి. ఏ ఇళ్లకు భిక్షకు వెళ్లవచ్చు, ఈ విహారంలో సంఘం పెట్టుకున్న కట్టుబాట్లేమిటి, ఎన్నింటికి బయటికి వెళ్లి ఎన్నింటికి తిరిగి రావాలి అనేవి కూడా అడిగి తెలుసుకోవాలి. ఉంటున్నవాడి విధులూ ఇంత వివరంగానే ఉన్నాయి. వచ్చినవాడు తనకంటే పెద్దయితే ఎదురెళ్లి పాత్ర, చీవరం అందుకోవాలి, ఆసనం వేయాలి, కాళ్లకు నీళ్లు పెట్టాలి. చిన్నవాడైతే లేవనక్కర్లేదు, కూర్చునే ఏది ఎక్కడుందో చెప్పాలి. వెళ్లేవాడు కుండలూ చెక్కసామానూ సర్ది, తలుపులు, కిటికీలు మూసి, చెప్పి వెళ్లాలి. ఈ నియమాలకు కారణంగా అక్కడ ఒక చిన్న ఉదంతం కూడా ఉంది. ఒక ఆగంతుక భిక్షువు ఎవరూ లేని కుటీరం గడియ తీసి గబగబా లోపలికి దూరితే ద్వారబంధం మీది పాము మీద పడిందట, హడలిపోయి అరిచాడట. అందుకే ముందు తలుపు తట్టు, కాసేపు ఆగు, తెరిచి బయటి నుంచే చూడు అన్నారు. పరాయి చోటికి వెళ్లే ప్రతివాడికీ పనికొచ్చే నియమమిది.

దీనికి తోడు వర్షావాసం ఉంది. ఆషాఢ పున్నమి మరునాటి నుంచి మూడు నెలలు భిక్షువు ఒకేచోట ఉండాలి. అలా ఉన్నవాడు, ఏ ఊరివాడైనా సరే, ఆ విహారానికి వచ్చే కఠిన చీవర దానంలో, అంటే భక్తులిచ్చే వస్త్రాల్లో, భాగస్థుడవుతాడు. థాయి భిక్షువుల్లో పెద్దరికం లెక్కించేదీ ఇలాంటి వర్షావాసాలతోనే. ఎన్ని గడిపాడన్నదాన్ని బట్టి పంక్తిలో ఎక్కడ కూర్చోవాలో తేలుతుంది. ఉబోన్ రాచథానీలో థాయి భిక్షువు అజాన్ చా 1975లో విదేశీ భిక్షువుల కోసం పెట్టిన వాట్ పా నానాచాట్‌లోనూ అదే లెక్క, అక్కడ పాస్‌పోర్టు రంగు ఎవరూ చూడరు. ఇంగ్లండులో పుట్టి దశాబ్దాలుగా థాయిలాండ్‌లో ఉంటున్న భిక్షువు అజాన్ జయసారోకు 2020లో ఆ దేశ పౌరసత్వం ఇచ్చారు. అంటే విహారంలో తొంభై రోజులు ఓపిగ్గా గడిపినవాడికి వాటా వస్తోంది. ఇమిగ్రేషన్ ఆఫీసు కిటికీ దగ్గర తొంభై రోజులు గడిపినవాడికి ఇంకో తేదీ వస్తోంది. ఉన్న కాలానికి విలువ కట్టడం ఆ సమాజానికి తెలియని విద్య కాదు. రాజ్యం దాన్ని పక్కన పెట్టి వేరే కొలబద్ద ఎంచుకుంది.

ఆ కొలబద్ద డబ్బు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది: పరాయివాడి దగ్గర డబ్బు తప్ప మరేదీ అడగని దేశానికి వచ్చేది ఖాతాదారే, పొరుగువాడు కాదు. ఖాతాదారు వీధిలోనూ ఖాతాదారులాగే ప్రవర్తిస్తాడు, వీధి కూడా అతన్ని అలాగే చూస్తుంది. విశ్రాంత వీసాకు థాయి భాష రానక్కర్లేదు, ఊరి కట్టుబాట్లు తెలియనక్కర్లేదు, ఎవరికీ ఏ సేవా చేయనక్కర్లేదు. ఐదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా లక్షల బాట్ ధరలు పెట్టి సభ్యత్వ కార్డులే అమ్ముతున్నారు. ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ ఏళ్లు, అంతే. ఇక పట్టాయా సముద్రపుటొడ్డున జెట్ స్కీ అద్దెకిచ్చినవాడు, తిరిగి తెచ్చాక పాత గీతలు చూపించి వేల బాట్ నష్టపరిహారం కట్టమంటాడు. ఖావో యాయ్ జాతీయ ఉద్యానవనంలో స్థానికుడికి 40 బాట్ టికెట్ అయితే విదేశీయుడికి 400. పన్నులు కట్టి ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాడు ఆ బోర్డు చూసి మండిపడతాడు. ఆ మంట సబబే గానీ సగమే సబబు. ధర కట్టి లోపలికొచ్చినవాడికి ధర పెంచుతారు, అది అంగడి న్యాయం.

2024 ఫిబ్రవరిలో మాఘ పున్నమి రాత్రి ఫుకెట్‌లో ఒక విల్లా ముందున్న మెట్ల మీద కూర్చుని వెన్నెల చూస్తున్న స్థానిక వైద్యురాలిని, అక్కడ ఉంటున్న విదేశీయుడు కాలితో తన్నాడని ఫిర్యాదు వచ్చింది. కాలు జారి తగిలిందని ఆయన వాదన. ఎవరిది నిజమన్నది ఇక్కడి విషయం కాదు. వందల మంది ఆ తీరానికి వచ్చి నిరసన తెలిపారు, ఆ మెట్లు కట్టిన చోటు ప్రభుత్వ భూమి అని తేలింది, వాటిని కూలగొట్టారు. జనం అంతగా కదలడానికి కారణం ఒక్క కాలి దెబ్బ కాదు. అందరిదీ అయిన ఒడ్డు మీద ఎవరో డబ్బుతో గీత గీశారు, ఆ గీత దాటినందుకు సొంత ఊరి మనిషిని కసిరారు అన్న అవమానం అది. కొన్నవాడు తనది అనుకుంటాడు. అడిగి తెలుసుకొమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇష్టపడి వెళ్లినవాళ్లు నచ్చకపోతే తిరిగి రావచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. కూలీకి వెళ్లినవాడి కష్టమూ, సముద్రపు గాలికి వెళ్లినవాడి చిరాకూ ఒకటి కావు, నిజమే. కానీ తిరిగి రావడం ఎంత తేలికో ఒక బ్రిటిష్ పింఛనుదారు లెక్క చూడండి. బ్రిటన్ ప్రభుత్వ పింఛను ఏటా పెరుగుతుంది గానీ కొన్ని దేశాల్లో ఉంటున్నవాళ్లకు పెరగదు. 2000లో వారానికి 67.50 పౌండ్ల మూల పింఛనుతో మొదలుపెట్టి థాయిలాండ్‌లో ఉంటున్నవాడికి ఇప్పటికీ అదే 67.50. అదే పింఛను 2024లో బ్రిటన్‌లో ఉన్నవాడికి 169.50. అదే ప్రాంతంలోని ఫిలిప్పీన్స్‌లో స్థిరపడితే పెరుగుతుంది, అక్కడితో ఒప్పందం ఉంది కాబట్టి. ఇలా పింఛను గడ్డకట్టినవాళ్లు ప్రపంచవ్యాప్తంగా నాలుగు లక్షలకు పైనే. 2010లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్ష కాదని 11-6 మెజారిటీతో తేల్చింది. అమెరికన్‌కు సోషల్ సెక్యూరిటీ సొమ్ము థాయిలాండ్‌కు వస్తుంది గానీ, మెడికేర్ సాధారణంగా దేశం దాటి రాదు. థాయి పౌరులకు 2002 నుంచి ఉన్న 30 బాట్ వైద్య పథకమూ అతనికి వర్తించదు. డెబ్బై అయిదేళ్ల వయసులో తుంటి ఎముక విరిగితే అతను ఏ దేశం మనిషి? పుట్టిన దేశం బయట ఉన్నావంటుంది, ఉంటున్న దేశం బయటివాడివంటుంది. మనం ఇల్లరికపు అల్లుడి పరిస్థితి చూసి నవ్వుకుంటాం గానీ, ఆ అల్లుడికి నాలుగేళ్లకైనా పొలం గట్ల మీద ఒక మాట చెల్లుతుంది.

థాయి పక్షం నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఆ దేశం వలస పాలన కిందికి వెళ్లలేదని గర్వంగా చెప్పుకుంటుంది. కానీ 1855లో బ్రిటన్‌తో కుదిరిన బౌరింగ్ ఒప్పందంతో, అప్పట్లో సయాం అనే ఆ దేశంలోని బ్రిటిష్ ప్రజలు అక్కడి న్యాయస్థానాల పరిధి దాటిపోయి తమ కాన్సుల్ విచారణ కిందికి వెళ్లారు. దిగుమతి సుంకం 3 శాతానికి మించకూడదన్నారు. మిగతా దేశాలూ అలాంటివే రాయించుకున్నాయి. ఆ ముళ్లు పూర్తిగా ఊడేసరికి 1930ల చివరి రోజులొచ్చాయి. చేపలు పట్టుకునే పట్టాయా వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికుల విలాస స్థలంగా మారిపోయింది. ఇంత చూసినవాళ్లు భూమి ఇవ్వం, వేళ్లూననివ్వం అంటే తప్పు పట్టడం కష్టం. యూరోపియన్లను ఆచితూచి రానిచ్చిన చైనా, జపాన్‌లు తెలివైన పనే చేశాయని కాంట్ కూడా ఒప్పుకున్నాడు. కాబట్టి ఎవరిని రానివ్వాలి, ఎందరిని రానివ్వాలి అనేది ఆతిథేయి హక్కే. అయితే ఆ హక్కు గడప దగ్గరిది. రానిచ్చి, పాతికేళ్లు ఉండనిచ్చి, ప్రతి మూడు నెలలకూ అతన్ని మళ్లీ గడప బయట నిలబెట్టడం వేరు. అమెరికన్ తాత్వికుడు మైఖేల్ వాల్జర్ 1983లో న్యాయం మీద రాసిన పుస్తకంలో, ప్రాచీన ఏథెన్స్‌లోని పరదేశ నివాసుల్ని, ఆధునిక యూరప్‌లోని అతిథి కార్మికుల్ని పక్కపక్కన పెట్టి ఇదే వాదించాడు: కొందరు ఎప్పటికీ పాలితులుగానే ఉండిపోతే అది ప్రజాస్వామ్యం కాదు, ఒక వర్గం మీద ఇంకో వర్గం దొరతనం. ఏథెన్స్‌లోనే బడి పెట్టి బోధించిన అరిస్టాటిల్ అక్కడ చివరిదాకా అలాంటి పరదేశే.

విహారం రాజ్యం కాదు, అక్కడున్నవాళ్లు సన్యాసులు అని ఇంకొకరు అనవచ్చు. నిజమే, ఆస్తి లేని చోట వాటా పంచడం సులువు. కానీ వినయంలో మనకు పనికొచ్చేది దయ కాదు, లెక్క. అక్కడ వచ్చినవాడి గౌరవం ఉన్నవాడి మూడ్ మీద ఆధారపడదు, ఉన్నవాడి సహనం వచ్చినవాడి సంస్కారం మీద ఆధారపడదు. ఇద్దరికీ ముందే చెప్పి పెట్టారు. రాజ్యమూ అలా చెప్పవచ్చు: అయిదేళ్లు ఉండి భాష నేర్చుకుంటే తొంభై రోజుల చీటీ అక్కర్లేదు, పదేళ్లు పన్ను కడితే ఉద్యానవనం టికెట్ నలభై బాటే, వైద్య పథకంలో చందా కట్టి చేరవచ్చు అని. వోటు ఇవ్వనక్కర్లేదు, భూమి ఇవ్వనక్కర్లేదు. ముసలివాళ్లు ఆసుపత్రి బిల్లులు ఎగ్గొడతారన్న భయానికి మందు కూడా బ్యాంకు నిల్వ కంటే చందా కట్టే పథకమే.

ఇదంతా తెలుగువాళ్లకు దూరపు గొడవ కాదు. 2024 జులై నుంచి థాయిలాండ్ భారతీయులకు వీసా లేకుండా అరవై రోజులు ఉండనిచ్చాక, హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్లే విమానాల్లో పట్టాయా బృందాలు చాలానే ఎక్కాయి. ఆ పామున్న కుటీరం తలుపు ఎలా తెరవాలో వాళ్లకూ ఎవరో చెప్పాలి. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరసలో ఉన్న మనవాళ్లు, ఒక్కో దేశానికి ఏడు శాతం హద్దు అన్యాయమంటారు. పన్ను కట్టాం, ఇల్లు కొన్నాం, పిల్లలు ఇక్కడే పెరిగారు, ఇంకా అతిథులమేమిటి అంటారు. వాళ్ల వాదన పట్టాయా పెద్దాయన వాదనే.

ఈ వాదన ఒప్పుకుంటే మాత్రం ఒక ఇబ్బంది తప్పదు, దాన్ని దాటవేసేవాళ్లే ఎక్కువ. ఉన్న కాలమూ, చేసిన పనీ కొలబద్దలైతే థాయిలాండ్‌లో వరస ముందు నిలబడాల్సింది పింఛనుదారు కాదు. బ్యాంకాక్ పక్కన సముత్ సఖోన్‌లో రొయ్యల పొట్టు ఒలిచే బర్మా కూలీ. అలాంటివాళ్లు ఆ దేశంలో లక్షల్లో ఉన్నారు. వాళ్ల వీసా యజమానితో ముడిపడి ఉంటుంది, వాళ్లను ఎవరూ ప్రవాసులని గౌరవంగా పిలవరు, వలస కూలీలంటారు. కాగితాలు లేకపోయినా వాళ్ల పిల్లలు బడికి వెళ్లవచ్చని 2005లో థాయి మంత్రివర్గం నిర్ణయించింది. అక్కడ పుట్టి, ఆ బడిలో చదివి, థాయి మాట్లాడే పిల్లవాడికి ఏ వీసా ఇవ్వాలో తేలకుండా, ఎనిమిది లక్షల బాట్ ఉన్నవాడి చీటీ గురించి మాట్లాడటం వరస తప్పినట్టే. తొంభై రోజుల నిబంధన ఎత్తేయమని అర్జీ పెట్టే విదేశీ విశ్రాంత ఉద్యోగి ఆ అర్జీలో ఆ కూలీ పేరు తనకంటే ముందు రాయగలడా అన్నదాన్ని బట్టి, అతను అడుగుతున్నది న్యాయమా, ఇంకాస్త మంచి సేవా అన్నది తెలుస్తుంది.