అడిగినంతకే జవాబు

2018 జనవరిలో హైదరాబాదులోని జామియా నిజామియా మదరసా నుంచి ఒక ఫత్వా వెలువడింది. రొయ్య చేప కాదు, పీత, సాలీడు లాంటి కీళ్లకాళ్ల ప్రాణి. కాబట్టి ముస్లింలు దాన్ని తినకుండా ఉండాలి, అది మక్రూహ్ తహ్రీమీ, అంటే హరామ్‌కు దగ్గరి నిషేధం, అని దాని సారాంశం. ఇచ్చినవారు ఆ సంస్థ అప్పటి ప్రధాన ముఫ్తీ మౌలానా మహమ్మద్ అజీముద్దీన్. పాతబస్తీలో అది భోజనాల దగ్గర మాట అయి ఉండొచ్చు. ఉంగుటూరు నుంచి ఆకివీడు దాకా సంగతి వేరు. ఇక్కడ కూలివాడికి పని రొయ్య, భూమి ఉన్నవాడికి కౌలు సొమ్ము రొయ్య, బ్యాంకుకు రావలసిన బాకీ కూడా రొయ్యే.

మా మండలంలో వనామీ రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్న ఒక కుర్రవాడు ఈ విషయం మీద నాతో వాదించాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఆ మాటలు ఇక్కడ పెడుతున్నాను. నా పక్షం ముందే చెబుతాను. ముఫ్తీ అడిగినదానికే జవాబిస్తాడు. ఏది అడగాలో తేల్చుకోవలసిన బాధ్యత అడిగేవాడిది. మనం ఫత్వాల గురించి గొడవ పడినంతగా మన ప్రశ్నల గురించి ఆలోచించడం లేదు.

అతను: మాస్టారూ, రొయ్య తినకూడదన్నాక పెంచడం మాత్రం తప్పు కాదాండి? మా అత్తగారింట్లో రొయ్యల కూర మానేశారు. పట్టుబడి డబ్బులు మాత్రం తీసుకుంటున్నారు. ఇదేం లెక్కండీ?

నేను: ఆ ఫత్వాలో చెరువు గురించి ఏమైనా ఉందా?

అతను: లేదండి. తినడం గురించే.

నేను: అయితే నీ ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. తినడం ఒక మస్లా, అంటే ఒక ధర్మప్రశ్న, అమ్మడం ఇంకో మస్లా. ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖ్హ్ గ్రంథాల్లో ఆ రెండింటికీ వేరువేరు అధ్యాయాలున్నాయి. ఎవరో అడిగినదానికి వచ్చిన జవాబును నీ నెత్తిన వేసుకుని బాధపడుతున్నావు.

అతను: అసలు రొయ్య మీద ఇంత పట్టింపు ఎందుకండీ? కేరళ మాపిళ్ల ముస్లింలు ఇంటిల్లిపాదీ తింటారు కదా.

నేను: వాళ్లు షాఫయీలు, ధర్మశాస్త్రంలో ఇమాం షాఫయీ పద్ధతిని పాటించేవాళ్లు. సముద్రం మీద వర్తకులతో వచ్చిన ఇస్లాం మలబారుకు షాఫయీ పద్ధతిని తెచ్చింది. సుల్తానుల వెంట, దక్కన్ దర్బారుల వెంట వచ్చింది మనకు హనఫీ పద్ధతినిచ్చింది. షాఫయీ, మాలికీ, హంబలీ పద్ధతుల్లో నీటి ప్రాణుల విషయంలో వెసులుబాటు ఎక్కువ. హనఫీలకు నీటిలో హలాల్ అయినది చేప ఒక్కటే. పీత, తాబేలు, కప్ప కూడదు. అందుకే రొయ్య చేపల్లోకి వస్తుందా రాదా అన్నది మనకే ఇంత పెద్ద ప్రశ్న అయింది.

అతను: రాదని చిన్నపిల్లాడైనా చెబుతాడండి. వెన్నెముక లేదు, పది కాళ్లు.

నేను: జంతుశాస్త్రం చెప్పేది అదే. నిజామియా ముఫ్తీగారు ఆ దారినే వెళ్లారు. అయితే 1405లో చనిపోయిన ఈజిప్టు పండితుడు దమీరీ, తన ‘హయాతుల్ హయవాన్’లో రొయ్యను చిన్న చేపగానే లెక్కవేశాడు. ఆ ఆధారంతో మౌలానా అష్రఫ్ అలీ థానవీ రొయ్య హలాల్ అన్నారు. ఆయనా హనఫీయే. మన కాలంలో పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ తకీ ఉస్మానీ రెండు వైపులా తూచి, మానుకుంటే మంచిదన్నారు. కానీ ఇందులో కాఠిన్యం తగదన్నారు.

అతను: నాకు మింగుడుపడనిది ఇదేనండి. అందరూ హనఫీలే. ఒకరు వద్దంటారు, ఒకరు తినొచ్చంటారు, ఒకరు మధ్యలో ఉంటారు. ఇంక నాకు అనుకూలమైన ముఫ్తీని వెతుక్కుంటే సరిపోతుంది. అది దీన్, మన ధర్మం, ఎలా అవుతుందండి? బేరం అవుతుంది.

నేను: గట్టి మాట అన్నావు. ఇన్ని అభిప్రాయాలు ఎందుకొచ్చాయో చూడు. పూర్వ గ్రంథాల్లో చేపకు గీత గీశారు. ఆ గీతకు ఇటు ఏ ప్రాణి, అటు ఏ ప్రాణి అన్నది మనిషి తన బుద్ధితో, తన ఊరి వాడుకతో, తన కాలపు విద్యతో తేల్చాలి. నిజాయితీగా తేల్చిన ఇద్దరు చెరో చోట తేలడం సహజం. అబ్బాసీ ఖలీఫా మన్సూర్, ఇమాం మాలిక్ గ్రంథం ‘మువత్తా’ను రాజ్యమంతటికీ ఒకే చట్టంగా పెడతానంటే మాలిక్ ఒప్పుకోలేదని సంప్రదాయం చెబుతుంది. ప్రవక్త సహచరులు వేరువేరు దేశాలకు వెళ్లారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జ్ఞానం ఉంది, ప్రజలను ఒక్క తాటికి కట్టవద్దని ఆయన వాదం. తన పుస్తకమే రాజ్యమేలే అవకాశాన్ని కాదన్నాడాయన. అంతటివాడు తేడాను గౌరవించాడు. మనం దాన్ని చూసి భయపడుతున్నాం.

అతను: తేడా ఉండొచ్చండి. నేను ఎంచుకునేటప్పుడు నా మనసు నన్ను మోసం చేయదా? లాభం ఎటుంటే అటే మొగ్గుతుంది కదా.

నేను: మొగ్గుతుంది. సులువులన్నీ ఏరుకుని తిరిగేవాణ్ణి పూర్వ పండితులు గట్టిగానే హెచ్చరించారు. దీనికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. జవాబు వినకముందే ముఫ్తీని ఎంచుకో. ఆయన చెప్పింది నీకు నష్టం తెచ్చినా, వచ్చే ఏడాది ఇంకో సందేహం వస్తే ఆయన దగ్గరికే వెళతావా? వెళతానంటే నువ్వు ధర్మం అడిగావు. వెళ్లనంటే అనుమతి అడిగావు.

అతను: నాలాంటివాడికి ఆధారాలు తూచే చదువు లేదు కదండీ.

నేను: ఆధారాలు తూచడం ముఫ్తీ పని. నీ ఉద్దేశం తూచుకోవడం నీ పని. దానికి అరబ్బీ రానక్కరలేదు. ఇంకో సంగతి. సులువు వైపే మనసు మోసం చేస్తుందనుకోకు, కఠినం వైపూ చేస్తుంది. కంచంలో రొయ్య మానేస్తే భక్తి నిలబడినట్టు అనిపిస్తుంది, పెట్టెలోకి వచ్చిన డబ్బు గురించి అడగవలసిన పని తప్పిపోతుంది. మీ అత్తగారింట్లో జరుగుతున్నది అదేనేమో చూడు.

అతను: నిజమేనండి. మరి ఫోన్లో వీడియోలు పెట్టే మౌలానాల మాటో?

నేను: వాళ్లకు నీ ముఖం తెలియదు, నీ చెరువు తెలియదు. అక్కడితో వదిలెయ్.

అతను: ఫత్వాలు చెల్లవని సుప్రీంకోర్టే అంది కదండీ. అలాంటప్పుడు అడగడం దేనికి?

నేను: 2014 జులై 7న విశ్వలోచన్ మదన్ కేసులో కోర్టు చెప్పింది వేరు. ఫత్వాకు చట్టబలం లేదు, ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు అంది. ఒక మనిషి హక్కుల గురించి సంబంధం లేనివాడెవడో అడిగితే జవాబివ్వవద్దనీ అంది. మన శాస్త్రంలోనూ ఖాజీ తీర్పు కట్టిపడేస్తుంది, ముఫ్తీ మాట దారి చూపుతుంది. దారి అడగడానికి చట్టబలం ఎందుకు? ఫత్వా చివర ముఫ్తీ ‘వల్లాహు ఆలమ్’ అని, నిజం అల్లాహ్‌కే తెలుసునని రాసి ముగిస్తాడు. రాసినవాడే అంత వినయం చూపితే, చదివినవాడు దాన్ని కర్రగా పట్టుకు తిరగడం ఏమిటి?

అతను: ఒప్పుకుంటానండి. అయితే నా చెరువు సంగతి?

నేను: నీ చెరువుకు నీళ్లెక్కడివి?

అతను: బోరువండి. కొంచెం ఉప్పు తగిలే నీళ్లు. వనామీకి అవి మంచివే.

నేను: పక్కన ఏముంది?

అతను: వరి. ఆయన చేనులో ఒక మూల పైరు ఎర్రబడుతోందంటాడు. నా ఊటే అంటాడు.

ఇక్కడి నుంచి మా మాట కొల్లేటి సరస్సు వైపు మళ్లింది. ఈ ప్రాంతంలో చెరువు గురించి మొదలుపెట్టిన ఏ మాటైనా చివరికి అక్కడికే చేరుతుంది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన నీళ్లన్నీ కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు దారిన సముద్రంలో కలవాలి. ఆ దారికి అడ్డంగా చెరువు గట్లు లేచాయి. కొల్లేటిని 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రాంసర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువు గట్లను యంత్రాలతో కొట్టేశారు. పక్షులకు చోటు కావాలి, చెరువు పోయినవాడికి తిండి కావాలి, వాన ఎక్కువైన ఏడాది మునిగే చేలవాడికి నీళ్లు కిందికి దిగాలి. 2009లో దేశంలోకి అనుమతించిన వనామీ, పసిఫిక్ అవతలి తీరం నుంచి వచ్చిన జాతి. అది వచ్చాక కొల్లేటికి ఎగువన ఉన్న వరి మాగాణులు కూడా చెరువులయ్యాయి. అతను తన సీడు ధర, రేటు పడిపోయినప్పటి నష్టం, రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా, తెల్లమచ్చ రోగం భయం చెప్పుకొచ్చాడు. నేను అడ్డు చెప్పకుండా విన్నాను. ఆ కష్టం అబద్ధం కాదు.

అతను: ఇవన్నీ ముఫ్తీగారిని ఎవరు అడుగుతారండీ?

నేను: అదే నా బాధ. రొయ్యకు కాళ్లెన్ని అని హైదరాబాదు దాకా వెళ్లి అడిగాం. పక్కవాడి చేనులోకి ఉప్పు ఊరితే నా సంపాదన ఏమవుతుందని అడగలేదు. హాని చేయకూడదు, హానికి బదులు హాని చేయకూడదు అన్నది ప్రవక్త మాట. ఫిఖ్హ్ మూలసూత్రాల్లో అదొకటి. రొయ్య చేపా కాదా అన్నదాంట్లో పండితులు విడిపోయారు. పొరుగువాడికి హాని చేయకూడదన్న మూలసూత్రం దగ్గర ఏ ఇమామూ విడిపోలేదు. మేత అప్పుకిచ్చిన డీలరు ధర పెంచి రాస్తాడు, పట్టుబడి తనకే ఇవ్వాలంటాడు. అది వడ్డీయా, వ్యాపారమా? అడిగావా?

అతను: లేదండి.

నేను: పట్టుబడి రోజున వల లాగినవాళ్లకు కూలి ఆ సాయంత్రమే ముట్టిందా? నిషేధించిన యాంటీబయాటిక్ వాడి, కొనేవాడికి చెప్పకుండా అమ్మితే? ఇవీ హలాల్ హరామ్ ప్రశ్నలే. వీటికి జవాబు వస్తే ఖర్చవుతుంది. అందుకే అడగం.

అతను: అర్థమైందండి మాస్టారూ. ఇప్పుడు నన్నేం చేయమంటారు?

నేను: నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఇస్తిఫ్తా, అంటే ఫత్వా కోరే ప్రశ్న, ఎలా రాయాలో మాత్రం చెబుతాను. రొయ్యలు పెంచవచ్చా అని ఒక్క ముక్క రాయకు. ఎన్ని ఎకరాలు, కౌలు ఎంత, నీళ్లెక్కడివి, గట్టు అవతల ఎవరి పొలం, అతనికేం జరుగుతోంది, మేత డబ్బు ఏ షరతు మీద తెచ్చావు, కూలి ఎప్పుడిస్తున్నావు, మందులేం వాడుతున్నావు, అన్నీ రాయి. నీకు అనుకూలం కానివి ముందు రాయి. రాస్తుంటే కొన్నిచోట్ల కలం ఆగుతుంది. అక్కడ నువ్వు చేయవలసింది ఏ ముఫ్తీ చెప్పకుండానే నీకు తెలిసిపోతుంది. ఆ పని ముందు చెయ్యి. మిగిలిన సందేహాన్ని నిజామియాకు పంపినా, దేవబంద్‌కు పంపినా, వచ్చిన జవాబు నీదవుతుంది. దాన్ని పాటించడానికి నీకు ఎవరి బలవంతమూ అక్కరలేదు.