కూర్చున్నచోట ఆకాశయానము – దిగ్వ్రత విచారము

గృహస్థునకు విధింపబడిన పండ్రెండు వ్రతములలో దిగ్వ్రతము ఒకటి. తూర్పున ఇంతవరకు, పడమట ఇంతవరకు, పైకి ఇంత, క్రిందికి ఇంత అని పది దిక్కులకు హద్దు ఏర్పరచుకొని, బ్రతికినన్నాళ్ళు ఆ హద్దు దాటకుండుటయే ఈ వ్రతము. హద్దులుగా అందరు ఎరిగిన సముద్రములను, నదులను, కొండలను, పట్టణములను పెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. కాంచీనగరముతో సంప్రదాయము ముడిపెట్టిన సమంతభద్రాచార్యులు తమ రత్నకరండ శ్రావకాచారమున ఈ విషయమును విశదముగా బోధించిరి. హద్దునకు ఆవల మన వలన ఏ జీవికిని హాని లేదు, ఆవలి ధనముపై మనకు ఆశయు లేదు; ఆ మేరకు గృహస్థుడును మునితో సమానుడే యని వారి తాత్పర్యము.

ఇంతవరకు సందేహము లేదు. కాని కాలము మారినకొలది క్రొత్త ప్రశ్నలు పుట్టుచుండును. అట్టి ప్రశ్న ఒకటి ఇక్కడ విచారింపదగియున్నది.

పాలారు ఒడ్డున, చెన్నై–బెంగళూరు రహదారిమీద ఉన్న పళ్ళికొండలో ఒక గృహస్థుడు దిగ్వ్రతము గైకొన్నాడనుకొందము. తూర్పున చెన్నపట్టణపు సముద్రతీరము, పడమట బెంగళూరు, ఉత్తరమున తిరుపతి, దక్షిణమున తిరువణ్ణామలై, పైకి తిరుమల కొండ ఎత్తు అతని హద్దులు. ఒకనాటి సాయంకాలము దుకాణము కట్టివేసి, ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి, విమానము నడుపు ఆట తెరచినాడు. మీనంబాకమునుండి ఒక చిన్న జెట్టు విమానమును లేపి, 45,000 అడుగుల ఎత్తున సింగపూరునకు పోయి దిగినాడు. కుర్చీనుండి అతడు లేవలేదు. అయినను, అతని వ్రతము నిలిచినట్లా, చెడినట్లా?

ఇది నవ్వి వదలదగిన ప్రశ్న కాదు. ఏలయన, ఇది పిల్లలు బొమ్మ బండి తోలుటవంటి ఆట కాదు. 1929లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ అను ఊర ఎడ్విన్ లింక్ అను నాతడు, తన తండ్రిగారి వాద్యముల కర్మాగారమున ఆర్గను వాద్యమునకు వాడు గాలితిత్తులతో నేలమీదనే ఊగి తిరుగు ఒక బొమ్మ విమానమును చేసినాడు. మొదట దానిని ఎవరును లెక్కచేయలేదు. 1934లో టపాలు మోయుచు మబ్బులలో దారితప్పి అనేకమంది సైనిక వైమానికులు చనిపోగా, అప్పుడు అమెరికా సైన్యము ఆరు యంత్రములు కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్షలాది మంది వాటిపైననే నేర్చిరి. 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ అను నాతడు ఇంటి కంప్యూటరునకు అట్టి ఆటను తయారుచేయగా, 1982నుండి మైక్రోసాఫ్ట్ కంపెనీ దానిని తనపేర వెలువరించినది. 2020లో వచ్చిన కూర్పులో భూమండలమంతయు ఉపగ్రహ చిత్రములతో కనబడును. ఆ సమయమున నిజముగా వీచు గాలి, కురియు వాన సైతము తెరపైకి వచ్చును. అందులోని సెస్నా సైటేషన్ సీజే4 అను చిన్న జెట్టు, పదిమందికి లోపుగా ధనికులను, వ్యాపారులను కూర్చుండబెట్టుకొని పోవు నిజమైన విమానమునకు ప్రతిబింబము. మీటలు, ముల్లులు, హెచ్చరిక దీపములు చాలవరకు దానివలెనే పనిచేయును.

ఇక వాదములు. కొందరందురు: "ఇందులో దోషమే లేదు. శరీరము ఇల్లు కదలలేదు. నిజమైన జెట్టు గంటకు కొన్ని వందల లీటర్ల ఇంధనము తగులబెట్టును. అగ్నికాయ, వాయుకాయ జీవులకు ఎంత హింస! పక్షులు ఇంజనులలో పడి చచ్చుటయు కలదు. ఇంట ఆడు ఆటకు కొంచెము విద్యుత్తు చాలును. కాబట్టి నిజముగా పోవుటకంటె ఇదియే మేలు." ఈ మాటలో సత్యము కలదు, త్రోసివేయరాదు.

మరికొందరు యశోధర మహారాజు కథను ఎత్తుదురు. ఈ కథ మన తెలుగుదేశమునకు దూరమైనది కాదు. నేటి తెలంగాణలోని వేములవాడను ఏలిన చాళుక్యుల ఆశ్రయమున సోమదేవసూరి 959లో రచించిన యశస్తిలక చంపువు ఈ కథయే. తమిళమున యశోధర కావియము ఐదు చిన్న కావ్యములలో ఒకటిగా వెలసినది. ఉజ్జయినీ రాజైన యశోధరుడు ప్రాణిని బలియిచ్చుటకు ఒప్పుకొనలేదు. కాని తల్లి మాట కాదనలేక పిండితో చేసిన కోడిని దేవికి బలియిచ్చెను. పిండికోడికి ప్రాణము లేదు, రక్తము లేదు. అయినను తల్లీ కొడుకులు ఆ ఫలమున పెక్కు జన్మలు పశుపక్షులై పుట్టి బాధపడిరి. "పిండికోడిని చంపిన పాపము నిజమైనదైనప్పుడు, తెరమీద హద్దు దాటుట మాత్రము ఉత్తదెట్లగును?" అని వీరి ప్రశ్న.

రెండు వాదములును బలమైనవే. కాని యశోధరుని కథను జాగ్రత్తగా చూడవలెను. అక్కడ పాపము పిండిలో లేదు, చంపుదునను సంకల్పములో ఉన్నది. దాని నుండి తేలునది ఇంతే: అనుకరణ అయినంతమాత్రమున క్రియ నిర్దోషము కాదు, దాని వెనుకనున్న భావమును బట్టి తూచవలెను. విమానము నడుపువాని భావము చంపుట కాదు కదా. ఊళ్ళమీద కావలెనని విమానమును కూల్చి నవ్వుకొనువాడు కలడు. వానికి యశోధరుని కథ సరిగా వర్తించును. తక్కినవారికి ఆ కథ ప్రశ్నను ఇచ్చును గాని జవాబును ఈయదు.

మనస్సు హద్దు దాటుటయే తప్పు అందమా, అదియు కుదరదు. వేలూరు ప్రాంతపు వల్లిమలై గుహలలో పూర్వము మునులు ధ్యానము చేసిరి. పండ్రెండు అనుప్రేక్షలలో లోకానుప్రేక్ష ఒకటి. ఊర్ధ్వ, మధ్య, అధో లోకముల ఆకారమును మనస్సున నిలిపి చింతించుటయే అది. ఏ విమానమును పోజాలనంత దూరము ఆ మునుల మనస్సు పోయినది. నడువలేని ముసలివారు మంచముమీదనే సమ్మేదశిఖరమును భావించి వందనము చేయుదురు. దానిని వ్రతభంగమని ఎవరును అనలేదు. మునుల మనస్సు లోకమంతయు తిరిగి వైరాగ్యము తెచ్చినది. కనుక ఎంత దూరము పోయెనని కాక, అక్కడనుండి ఏమి తెచ్చెనని మనస్సును అడుగవలెను.

ఈ దృష్టితో చూచినప్పుడు చిన్న జెట్టునకు ఒక ప్రత్యేకత కనబడును. ఆటలో రెక్కలు ఊగు చిన్న శిక్షణ విమానములును కలవు. వాటిని విడిచి కోటీశ్వరుల విమానమునే ఏల ఎన్నుకొనవలె? దాని వేగము, నడుపుటలోని నేర్పు ఇష్టమై ఎన్నుకొనువారు ఉందురు. "ఇది నాది, నేను ఇంతవాడను" అను రుచికై ఎన్నుకొనువారును ఉందురు. మన శాస్త్రము పరిగ్రహమును వస్తువుతో కొలువలేదు, మూర్ఛతో కొలిచినది. చేతిలో కాసు లేనివాడును మూర్ఛవలన పరిగ్రహి కాగలడు. కాబట్టి లేని విమానమునకు యజమాని అగుట సాధ్యమే. లోభమును తగ్గించుటకు పుట్టినది దిగ్వ్రతము. లోభము పెరిగినచో కాలు కదలకున్నను ఆ వ్రతము సారము తప్పినదన్నమాట. పెద్దలు వ్రతభంగమునకు నాలుగు మెట్లు చెప్పిరి: అతిక్రమము, వ్యతిక్రమము, అతిచారము, అనాచారము. మొదటి మెట్టు మనస్సు నిర్మలత చెడుట మాత్రమే. మూర్ఛతో ఆడువాడు ఆ మెట్టుమీద కాలు పెట్టినాడు. అంతకు మించి తీర్పు చెప్పుట అన్యాయము.

ఇక్కడ వర్తకులమైన మనవారందరు ఆలోచింపవలసిన విషయము ఒకటి కలదు. దేశవ్రతమునకు పూర్వులు ఐదు అతిచారములు చెప్పిరి. హద్దు ఆవలినుండి వస్తువు తెప్పించుట, సేవకుని పంపుట, ఆవలివారికి వినబడునట్లు పిలుచుట, వారికి రూపము చూపుట, రాయి మొదలగునది విసరి సైగచేయుట. తాను కదలక పని నడిపించుకొను ఉపాయములన్నియు ఇందులో వచ్చినవి. 2001లో మొదలైన వాట్సిమ్ అను సంఘము వలన ఆటగాడు సింగపూరున నున్న మరియొక ఔత్సాహికునితో విమానస్థలపు అధికారివలె మాటలాడవచ్చును. అది శబ్దానుపాతమా? మాట దాటినది నిజమే. కాని ఆ మాటతో హద్దు ఆవల ఏ సరకును కదలలేదు, ఏ లాభమును రాలేదు. గుడియాత్తపు లుంగీలకు, అగ్గిపెట్టెలకు దూరదేశములలో బేరములు కుదిర్చి, ఫోనుమీద సరకు తెప్పించి పంపువాడు మాత్రము ఐదింటిలో మూడింటిని ఒక పూటలోనే చేయుచున్నాడు. అట్టివాడు వ్రతము గైకొనియుండి, కొడుకు ఆటను చూచి "ధర్మము చెడినది" అని కోపపడుట తగునా? త్రాసు రెండు ప్రక్కల ఒకే రాయి వేయవలెను.

ఆటలో నేర్చుకొనదగిన గుణమును లేకపోలేదు. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో బోయింగ్ వారి క్రొత్త విమానము, చుక్కానికి వేసిన తాళము తీయుట మరచినందున కూలిపోయినది. నాటినుండి ఎంత అనుభవశాలియైనను పట్టిక చదివి ఒక్కొక్కటి సరిచూచుకొనియే లేవవలెనను ఆచారము స్థిరపడినది. మునులు ముందు నాలుగు మూరల నేల చూచుకొని అడుగు వేయు ఈర్యాసమితికి ఇది తోబుట్టువు. ప్రమాదమే, అనగా ఏమరుపాటే, హింసకు మూలమని మన సిద్ధాంతము. ఏమరుపాటును పోగొట్టు అభ్యాసము ఏదైనను మంచిదే.

కాని ఒక లోపము కలదు. 2009 జనవరి 15న న్యూయార్కున పక్షులు తగిలి రెండు ఇంజనులు చెడిన విమానమును కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నదిపై దింపి 155 మందిని కాపాడెను. తరువాత విచారణాధికారులు అనుకరణ యంత్రములపై పరీక్షించిరి. పక్షులు తగిలిన క్షణముననే వెనుకకు మరలిన కొందరు విమానస్థలము చేరగలిగిరి. మనిషి ఆలోచించి నిర్ణయించుటకు 35 సెకండ్లు కలుపగా చేరలేకపోయిరి. యంత్రము అన్నిటిని చూపినది గాని, ప్రాణభయములోని ఆ 35 సెకండ్లను చూపలేదు. ఇంటి ఆటలో కూలినవాడు మీట నొక్కి మరల మొదలుపెట్టును. కర్మకు అట్టి మీట లేదు. ప్రతిక్రమణము సైతము చేసినదానిని చెరుపుట కాదు; ఒప్పుకొని, మరల చేయకుండ నిలుచుట. తప్పునకు వెల లేదను అలవాటు మనస్సున నాటుకొన్నచో, పట్టిక నేర్పిన జాగ్రత్త అంతయు వ్యర్థమగును.

కావున నిర్ణయమిది. పళ్ళికొండ గృహస్థుని దిగ్వ్రతము భంగము కాలేదు. ఆటను విచారింపవలసిన స్థలము వేరొకటి. ప్రయోజనములేని చేష్టను అనర్థదండమందురు. అనుభవించు వస్తువులకు పరిమితి పెట్టుటను భోగోపభోగ పరిమాణమందురు. వైమానికుడు కాదలచిన పిల్లవానికి అది చదువు. కాలు కదపలేని రోగికి లోకదర్శనము. పనియంతయు ముగించినవానికి కొంత విశ్రాంతి. సామాయికపు వేళ దాటిపోవుచుండగా, ఇంటివారు భోజనమునకు పిలుచుచుండగా తెర వదలనివానికి మాత్రము అది అనర్థదండమే.

అట్టివాడు క్రొత్తగా దిక్కులకు హద్దు పెట్టుకొననక్కరలేదు. గడియారమునకు పెట్టుకొనిన చాలును. కూర్చుండుటకు ముందే "ఇంత సేపు" అని నియమము చేసికొని, ఆ సమయము కాగానే విమానము నడిమింటనున్నను లేచిపోగలిగినవాడు ఆటకు యజమాని. లేవలేనివాని చేతిలో విమానము లేదు. విమానము చేతిలోనే అతడున్నాడు.