ఊడ దిగే దిక్కు

వేంపల్లె చుట్టుపక్కల ఎర్రనేలల్లో శనక్కాయ విత్తి నెల తిరిగేసరికి పసుపుపచ్చ పూలు కనపడతాయి. వాటిని చూడాలంటే తెల్లారేటప్పటికే చేలో ఉండాలి. పువ్వు విచ్చుకునేసరికి లోపలి పని ఇంచుమించు అయిపోయి ఉంటుంది. దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదే పడుతుంది, తేనెటీగతో పనిలేదు. ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది.

"పూతదేముంది సార్, ఊడ దిగాల" అంటాడు పక్కచేను రైతు. నిజమే. ఫలదీకరణం అయ్యాక అండాశయాన్ని మొనలో పెట్టుకుని ఒక కాడ బయటికి సాగుతుంది. నేలవైపు వంగి సూదిలా మట్టిలోకి దిగుతుంది. ఆ చీకట్లోనే కాయ ఊరుతుంది. మట్టి అందని ఊడ ఎండిపోతుంది. కాయ తనకు కావలసిన కాల్షియం నేరుగా మట్టినుంచే పీల్చుకుంటుంది కాబట్టి ఆ అదనులో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. వాన ముఖం చాటేసి నేల బిగుసుకుపోతే మాత్రం జిప్సం ఏమీ చేయలేదు.

వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఊడలు సాగుతున్న మొక్కను కుండీతో సహా పడుకోబెట్టి పిల్లలకు చూపించేవాణ్ణి. మర్నాటికి ఊడ మొన మళ్లీ కిందికే వంగేది. "దానికి తెలుసా సార్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఊడ కణాల్లోని పిండిరేణువులు బరువుకు కిందికి చేరి దిక్కు చెప్తాయి అనేవాణ్ణి. పరీక్షకు అది చాలు.

ప్రశ్న మాత్రం పాతది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో జైన ఆలయ శిథిలాలున్నాయి. అన్నం మానేసి ప్రాణం విడిచినవాళ్ల శాసనాలు అక్కడ దొరికాయి. చెట్టుకూ జీవముందని, అయితే దానికున్నది స్పర్శ ఒక్కటేనని జైనుల లెక్క. చెట్లకు లోపల ఎరుక, సుఖదుఃఖాలు కూడా ఉన్నాయని మనుస్మృతి. డార్విన్ 1880లో కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో వేసిన మొక్కల కదలికల పుస్తకంలో, వేరు కొనను నిమ్నస్థాయి జంతువుల మెదడుతో పోల్చాడు. ఆ మాట మీద ఇప్పటికీ తగువే.

ఆమధ్య నాకు కళ్లు తిరిగే జబ్బొచ్చింది. మంచం మీద పక్కకు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరిగేది. లోపలి చెవిలో సన్నటి కాల్షియం పలుకులుంటాయని, అవి చోటు తప్పాయని కర్నూలు డాక్టరు చెప్పాడు. కింద ఏదో, పైన ఏదో నాకు తెలిసేది ఆ పలుకుల వల్లేనట! ఈ తెలియడం ఏ ఇంద్రియానిది? కంటిదీ చర్మానిదీ కాదు. పెద్దలు లెక్కగట్టిన ఐదింటిలో దీనికి చోటు లేదు. చెట్టుకు ఒకటే అన్నప్పుడు జైనులు దీన్ని వదిలేశారు, మనిషికి ఐదు అన్నప్పుడు అందరూ వదిలేశారు. పిండిరేణువు చెప్తే యంత్రమనీ, చెవిలో పలుకు చెప్తే ఎరుక అనీ రెండు తక్కెళ్లు పెట్టడం నాకు నచ్చదు. రెండూ ఎరుకే అంటాను. సుఖదుఃఖాల దాకా మాత్రం మనువు వెంట వెళ్లను. పిండిరేణువు దిక్కు చెప్తుంది, నొప్పి చెప్పదు. ఉల్లి, బంగాళాదుంప ముట్టని జైనుల్లో చాలామంది శనక్కాయ తింటారు, నేలలో ఊరినా అది గింజే కాబట్టి. ఆ వివేచన నాకు ఇష్టం.

ఇదంతా పక్కచేను ఆయనకు చెప్పాను. "తెలిసేదుంటే నా గట్టినేలలోకి యాల దిగుతాది సార్? తడి ఉన్నచోటికి పోదా?" అన్నాడు.

"కింద ఏదో తెలుసప్పా, తడి యాడుందో తెలీదు."

"అదే తెలిసుంటే, బోరు పాయింటుకు టెంకాయ పట్టుకునేవాణ్ణి పిలిచేదెందుకు? దీన్నే అడిగేవాణ్ణి కదా!"