సర్వవ్యాపి

శ్రీకూర్మము సేవింపవచ్చిన యాత్రికులు ఆలయమున అడుగిడగనే ఒక సందేహమున పడుదురు. స్వామి పశ్చిమాభిముఖుడు. ధ్వజస్తంభములు రెండు, తూర్పున నొకటి, పడమట నొకటి. "స్వామికి ముందువైపు ఏదండీ పంతులుగారూ?" అని ఒకమారు ఒక వృద్ధురాలు నన్నడిగినది. ఆమె మనుమడు కళాశాలలో చదువుకొనుచున్నవాడు. "అంతటా ఉన్నవాడికి ముందేమిటి, వెనకేమిటి మామ్మా? అసలు ఇంతదూరం రావడమెందుకు?" అని నవ్వినాడు.

ప్రశ్న వినగనే ధాతువును వెదకుట పండితులకు గల దుర్గుణము. విష్ణుశబ్దమునకు వ్యాప్త్యర్థకమైన ధాతువే మూలమనియు, సహస్రనామములలో మొదటిది 'విశ్వం', రెండవది 'విష్ణుః' అనియు, అటుపిమ్మట 'సర్వగః' అను నామము కూడ కలదనియు చెప్పితిని. బాలుడు, "నేనన్నదీ అదే కదండీ!" అన్నాడు.

చిక్కు ఇచ్చటనే యున్నది. లోకమున సర్వవ్యాపి, సర్వాంతర్యామి అను పదములను ఏకార్థకములుగా వాడుచున్నాము. అది సరికాదు. వ్యాప్తి ఆకాశమునకును కలదు; కాని ఆకాశము మనల నేమియు నడుగదు. 'యమ్' ధాతువునకు నియమించుట యని యర్థము. లోననుండి నడుపువాడు అంతర్యామి. బృహదారణ్యకమున ఉద్దాలకుడడుగగా యాజ్ఞవల్క్యుడు బోధించినది ఈ అంతర్యామినే. అంతటనున్నాడనుట సులభము. ఎదుటివాని లోపలనుండి నన్ను చూచుచున్నాడనుట కష్టము.

ఇక యాత్ర యెందుకందురా? పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున అంతర్యామిని భూగర్భజలముతోను, అర్చామూర్తిని మడుగులలో నిలిచిన నీటితోను పోల్చిరి. కాళ్లక్రింద నీరున్నంత మాత్రమున దప్పిక తీరదు కదా! ఈ మాట చెప్పగా బాలుడు మరి మాటాడక, మామ్మ చేయిపట్టుకొని ప్రదక్షిణమునకు వెడలినాడు.

అతనికి చెప్పక దాచినది ఒకటి కలదు. కొన్నేండ్ల క్రిందట, వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున, నేను సహస్రనామ పారాయణమున నుంటిని. జీడిపిక్కల మూట నెత్తిన మోయుచు వచ్చిన కూలివాడొకడు మా అరుగుచెంత నిలిచి, "దాహం బాబూ" అన్నాడు. పారాయణమునకు భంగమగునని, పొమ్మని చేయి విసరితిని. నోట నామము ఆగలేదు. 'సర్వగః' అనియు పలికియే యుందును. ముగించి చెంబుతో వీధిలోనికి వచ్చునప్పటికి ఆతడు లేడు. వీధి చివరవరకు పోయి చూచితిని.

నాటినుండి వేసవి నెలలలో ఆ అరుగుపై నీటికుండ నుంచుచున్నాను. ఆ మనిషి మరల ఆ దారిన రాలేదు.