ఎవరు ఆడినట్టు?

2010 జాతర. గురువారం సాయంత్రం. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తున్నారని పోలీసులు గాలిలోకి కాల్చిన తుపాకీ చప్పుడుతో మేడారమంతా తెలిసిపోయింది. గద్దెల దారిలో డోళ్ళు మోగుతున్నాయి. మా పెద్దమ్మకు శిగం వచ్చింది. జుట్టు విడిపోయి, కొంగు జారి, ఒంటి పసుపు చెమటలో కరిగిపోతుండగా చాలాసేపు ఊగింది. ఇంట్లో మామగారి ఎదుట నోరెత్తని మనిషి. జనం దారి ఇచ్చారు, కాళ్ళకు మొక్కారు. మా పెదనాన్న ఆమె చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగేళ్ళ తర్వాత మా అన్న బరాత్‌లో డీజే బాక్సుల ముందు నేను ఆడాను. రెండే పాటలు. చిన్నాయన నా చెయ్యి పట్టి పక్కకు లాగి, "నలుగుర్ల ఏందే ఈ ఎగురుడు?" అన్నాడు. ఆ నలుగురిలో మేడారంలో పెద్దమ్మకు మొక్కినవాళ్ళూ ఉన్నారు.

ఆడింది ఇద్దరమూ ఆడవాళ్ళమే. మరి ఒకరికి మొక్కులు, ఒకరికి మందలింపు ఎందుకు? ఈ ప్రశ్నే నన్ను డిస్కోథెక్ పుట్టుక దాకా తీసుకెళ్ళింది. ఏ మొక్కూ, ఏ పెళ్ళీ లేకుండా, కేవలం ఆడటానికే మనుషులు వెళ్ళే చోటు అది.

గ్రంథాలయాన్ని బిబ్లియోథెక్ అన్నట్టే, రికార్డులు దాచే చోటును ఫ్రెంచివాళ్ళు డిస్కోథెక్ అన్నారు. జర్మన్ల ఆక్రమణలో బహిరంగంగా ఆడటం నిషేధించినప్పుడు పారిస్‌లో నేలమాళిగల్లో రికార్డులు పెట్టుకుని ఆడేవారు. ఆ యుద్ధకాలమంతా దాక్కుని బతికిన యూదు బాలిక రెజీన్, 1953లో విస్కీ ఆ గోగో అనే క్లబ్బులో పనిచేస్తూ జూక్‌బాక్స్‌ను తీయించి రెండు రికార్డు ప్లేయర్లు పెట్టించానని చెప్పేది. కారణం చాలా మామూలుది. జూక్‌బాక్స్‌లో పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో మూలల్లోని జంటల చప్పుళ్ళు వినపడి అందరికీ ఇబ్బంది. ఒక పాట ముగిసేలోగా రెండో పళ్ళెం మీద ఇంకో పాట మొదలైతే ఆట తెగదు. 1959లో జర్మనీలోని ఆహెన్‌లో స్కాచ్ క్లబ్‌కు వార్త రాయడానికి వెళ్ళిన యువ పాత్రికేయుడు క్లౌస్ క్విరీని, అదే ఖాళీని తన మాటలతో నింపి డిస్క్ జాకీ అయ్యాడు. మొదటి డీజే ఎవరన్న తగువు ఇంకా తెగలేదు. నాకు ఆ తగువు కంటే రెజీన్ గమనించిన ఆ ఖాళీ ముఖ్యం. తనను నలుగురూ చూస్తున్నారని స్త్రీకి గుర్తొచ్చేది సరిగ్గా అక్కడే.

మేడారం డోలుకూ ఆ సంగతి తెలుసు. కోయల వంశకథలను పడిగె మీద చూపుతూ పాడే డోలీలు వాయింపు తెగనివ్వరు. మేం కోయవాళ్ళం కాదు, ఆ కథలు మావి కావు. అయినా ఆ దెబ్బ మా పెద్దమ్మ ఒంట్లోకి వెళ్ళింది. బాక్సుల దెబ్బ నా ఒంట్లోకి వెళ్ళినట్టే. తేడా వాద్యంలో లేదు. ఎవరు ఆడారన్న ప్రశ్నకు వచ్చే జవాబులో ఉంది. తల్లి ఆడితే మొక్కుతారు. ఆడది తనకు తాను ఆడితే లాగేస్తారు. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో ఆడపిల్లలను కొట్టినవాళ్ళు అడిగిందీ అదే: ఎవరి అనుమతితో? కప్పం అడిగిన కాకతీయ సైన్యం మీదికి ఎవరి అనుమతీ అడగకుండా వెళ్ళిందని సమ్మక్క కథ. ఆమెను కొలుస్తూనే ఈ మాట అడుగుతాం.

నా పరిశోధనలో ఒకచోట, శిగం అనేది పితృస్వామ్యంలో స్త్రీ తన దేహానికి చేసుకున్న ఎత్తుగడ అని రాశాను. పట్టా వచ్చాక పెద్దమ్మ, "ఏం రాసినవ్ బిడ్డా?" అంటే ఆ పేజీ విప్పి చెప్పాను. నవ్వింది.

"నేనెక్కడ ఆడిన బిడ్డా? తల్లి ఆడింది. నేనే ఆడిన్నని నువ్వు రాస్తే, మళ్ల జాతరకు మీ పెదనాన్న చెప్పులు పట్టుకుంటడా?"

ఆమెకు తెలిసే అన్నదా? నమ్మే అన్నదా? రెండూ ఒకేసారి కావచ్చు. నేను అడగలేదు. అడగటం పరిశోధకురాలి హక్కని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఒక స్త్రీ తనను కాపాడుకున్న మాటను విప్పి చూపిస్తే, నాకు అధ్యాయం మిగులుతుంది, ఆమెకు ఊగే చోటు పోతుంది. 'నేనే ఆడాను' అని చెప్పుకోవటం విముక్తే. కానీ దాన్ని ఎవరి తరఫున వాళ్ళే చెప్పుకోవాలి, ఆమె తరఫున నేను చెప్పకూడదు. వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చేటప్పుడు ఆ వాక్యం తీసేశాను.

మరి నా తరఫున? ఆరోజు చిన్నాయనతో 'నేను ఆడుతున్నాను, నాకు ఆడాలనిపించింది' అనవలసింది. తలదించుకుని నేనన్నది ఇంకొకటి.

"పాట మంచిగుండె, చిన్నాయనా."